నాలుగు రాడ్లు వద్దు: విశాఖ గాలం మిత్రులకు బహిరంగ లేఖ

విశాఖలో గాలం వేసే అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

వచ్చే నెల భీమిలి దగ్గర మనం పెట్టుకుంటున్న పోటీకి నియమాలు రాస్తున్నారు కదా. అందులో ఒక్కొక్కరు నాలుగు రాడ్ల దాకా వేసుకోవచ్చన్న మాట చేర్చారని మొన్న ఆదివారం రుషికొండలో కలిసినప్పుడు తెలిసింది. అక్కడున్న చాలామంది సరే అన్నారు. నేను ఆ పూట ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం మనసు కుదుటపడలేదు. చెప్పాల్సింది చెప్పకుండా వచ్చేశానని అనిపించింది. అందుకే ఈ ఉత్తరం. మన బృందంతో పాటు యారాడ నుంచి భీమిలి దాకా ఒడ్డున నిలబడి గాలం వేసే ప్రతి ఒక్కరూ చదవాలని అందరి ముందూ పెడుతున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మనిషికి ఒక గాలం చాలు. ఇసుక తీరంలో, పక్కన జనం లేనప్పుడు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంటే రెండోది. అంతకు మించి వద్దు. పోటీలోనూ వద్దు, మామూలు రోజుల్లోనూ వద్దు.

నేనూ ఒకప్పుడు మూడేసి రాడ్లు వేసినవాణ్ణే. రీలున్న రాడ్డు కొనుక్కున్న కొత్తలో ఒకటి చాలదనిపించింది. ఒకటి దూరానికి, ఒకటి దగ్గరకి, ఒకటి ఊరికే, ఏదైనా తగులుతుందేమోనని. ఆ మూడోదే నాకు బుద్ధి చెప్పింది.

గోస్తని సముద్రంలో కలిసే చోటు మీ అందరికీ తెలుసు. అక్కడ ఇసుకలో పైపులు పాతి, వాటిలో రాడ్లు నిలబెట్టి, కొసకి చిన్న గంటలు కట్టాను. రాడ్డుకీ రాడ్డుకీ మధ్య ఇరవై అడుగుల దూరం. పోటు మీద ఉన్నాయి నీళ్లు. మధ్య రాడ్డు దారం చిక్కు పడితే కింద కూర్చుని ముడులు విప్పుతున్నాను. గాలి, అలల హోరు. చివరి రాడ్డు గంట మోగే ఉంటుంది, నాకు వినపడలేదు. ముడులన్నీ విప్పి లేచి చూస్తే ఆ రాడ్డు కొస కొంచెం వంగి, కదలకుండా ఉంది. లాగితే బరువు తెలుస్తోంది గానీ పోరాటం లేదు.

పండుగప్ప పిల్ల. జానెడున్నర ఉంటుందేమో. దారం నోట్లోంచి లోపలికి వెళ్లిపోయింది, గాలం ఎక్కడా కనపడలేదు. మొప్ప ఎత్తి చూశాను. లోపల దువ్వెన పళ్లలా ఉండే ఆ ఎర్రటి పొరల మీదుగా నెత్తురు సన్నగా దారం వెంటే కారుతోంది. గాలాన్ని బయటికి లాగితే పేగులతో సహా వస్తుంది. నోటి దగ్గర దారం కోసేసి, రెండు చేతుల్లో పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో ముందుకీ వెనక్కీ ఆడించాను. వదిలితే పక్కకి వాలిపోతోంది. మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ వాలిపోయింది. నాలుగోసారి అల వచ్చి దాన్ని తీసుకెళ్లి, తర్వాతి అలతో నా కాళ్ల దగ్గరికే తెచ్చి పడేసింది.

అది కూరకి పనికొచ్చే చేప కాదు. చేతిలో ఉన్న రాడ్డుకి పడి ఉంటే పెదవికి గుచ్చుకున్న గాలం తీసి అరనిమిషంలో వదిలేసేవాణ్ణి. నేను పక్కన లేను కాబట్టి చచ్చింది.

ఇందులో నా దురదృష్టం ఏమీ లేదు, గాలం పని తీరే అంత. చేప ముందు ఎరని తడుతుంది. తర్వాత నోట్లోకి తీసుకుంటుంది. ఆ తర్వాత మింగుతుంది. దారం చేతిలో ఉన్నవాడికి మొదటి తట్టుడే తెలుస్తుంది, నోట్లో ఉండగానే దారం చప్పున లాగుతాడు, గాలం పెదవికో దవడకో తగులుతుంది. పది గజాల అవతల ఉన్నవాడికి మింగాక తెలుస్తుంది. వదిలేసిన చేప బతుకుతుందా చస్తుందా అన్నది అన్నిటికన్నా ఎక్కువగా గాలం ఎక్కడ గుచ్చుకుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. పెదవికి గుచ్చుకుంటే చాలావరకు బతుకుతాయి. గొంతులోకో పొట్టలోకో దిగితే, మొప్పకి తగిలితే, బతికే అవకాశం బాగా పడిపోతుంది. చేపల మీద పనిచేసేవాళ్లు దేశదేశాల్లో చెప్పే మాటే ఇది. మనం మన కళ్లతో చూస్తున్నదీ ఇదే.

సర్కిల్ హుక్ వాడితే సరిపోతుంది కదా అని ఒక తమ్ముడు అన్నాడు. మంచి మాటే. నేనిప్పుడు అవే వాడుతున్నాను. దాని మొన లోపలికి వంగి ఉంటుంది కాబట్టి గొంతులో గుచ్చుకోకుండా జారుతూ వచ్చి నోటి మూలన పట్టుకుంటుంది. మీరంతా వాడండి. కానీ ఆ గాలానికి పడ్డ చేప కూడా ఎవరూ చూడకపోతే అరగంట సేపు కొట్టుకుని కొట్టుకుని అలిసిపోతుంది. అలా అలిసిన చేపని వదిలినా తేరుకోవడం కష్టం. గాలం మార్చినంత మాత్రాన మనిషి పక్కన లేని లోటు తీరదు.

పండుగప్ప గురించి ఇంకో సంగతి చెప్పాలి. మనలో చాలామంది గోస్తని దగ్గరికి వెళ్లేదే దాని కోసం. ఈ చేప పిల్లగా ఉన్నప్పుడు నది మొగల్లో, ఉప్పుటేర్లలో పెరుగుతుంది, గుడ్లు పెట్టే వేళకి ఉప్పునీటి వైపు వెళ్తుంది. ముందు మగదిగా ఎదుగుతుంది, కొన్నేళ్ల తర్వాత ఆడదిగా మారుతుంది. అంటే మనం ఫొటో దిగే పెద్ద పండుగప్ప దాదాపుగా ఆడదే, గుడ్ల చేపే. ఆ స్థాయికి రావాలంటే నది మొగలో మన గాలాల మధ్య నుంచి ఏళ్ల తరబడి తప్పించుకుని రావాలి. ఆ ఇరుకు దారిలో ఇరవై మంది ఒక్కొక్క గాలంతో నిలబడటం వేరు, నాలుగేసి చొప్పున ఎనభై గాలాలు వేయడం వేరు.

ఇప్పుడు మీ వాదనలకి వస్తాను. అన్నీ తీసిపారేసేవి కావు.

అన్నిటికన్నా గట్టిది ఇది. "హార్బర్ నుంచి బోట్లు టన్నులకి టన్నులు పట్టుకొస్తుంటే నా మూడు గాలాల వల్ల సముద్రానికి ఏమవుతుంది?" బరువు లెక్కలో నిజమే. ట్రాలర్ ఒక్కసారి వల లాగితే వచ్చేది నేను జీవితాంతం గాలంతో పట్టను. కానీ మనం సముద్రం మొత్తంలో వెయ్యడం లేదు. తెన్నేటి పార్కు కింద నాలుగు రాళ్లు, యారాడలో ఒక మూల, గోస్తని మొగ, అప్పికొండ దగ్గర కొంచెం మేర. వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లు. ట్రాలర్ ఈ రాళ్ల మధ్యకి రాదు. ఇక్కడ ఉన్న చేపకి మనమే ట్రాలర్లం.

ఇంకా ఒక మాట. బోట్లవాళ్లకి కట్టడి ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలు, మోటారు బోట్లు వేటకి వెళ్లకూడదు. 2015కి ముందు అది ఇంకా తక్కువ రోజులే ఉండేది. ఆ రెండు నెలలూ హార్బర్లో బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని కట్టేసి ఉంటాయి, కలాసీలు పని లేక ఇళ్ల దగ్గరుంటారు, ప్రభుత్వం ఇచ్చే భృతితో నెట్టుకొస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పొయ్యిలో పిల్లి లేవనంత కష్టాన్ని వాళ్లు ఓర్చుకుంటున్నారు. సరిగ్గా అదే ఎండాకాలం సెలవుల్లో మనం పిల్లల్ని కూడా తీసుకుని, కార్ల వెనక నాలుగేసి రాడ్లు పెట్టుకుని ఒడ్డుకి దిగుతాం. ఆ కట్టడి ఒడ్డు మీద నిలబడ్డ మనకి వర్తించదు, నిజమే. వర్తించదు కాబట్టి సిగ్గు కూడా ఉండకూడదా? ఆ 61 రోజులూ ఒక్క రాడ్డు మించి వెయ్యనని నేను మూడేళ్ల క్రితం అనుకున్నాను, అలాగే ఉంటున్నాను.

రెండో వాదన: "రాడ్లు లెక్కపెట్టడం దేనికి? పట్టుకెళ్లే చేపల్ని లెక్కపెట్టండి. ఒక్కొక్కరికి ఐదు చేపలని పెట్టండి, ఎన్ని గాలాలతో పట్టుకుంటే ఏం?" వినడానికి న్యాయంగా ఉంటుంది. నేనూ దీని మీద చాలాకాలం తటపటాయించాను. కానీ నేను చంపిన ఆ పండుగప్ప పిల్ల ఏ సంచిలోకీ రాలేదు, ఏ లెక్కలోకీ రాలేదు. గాలం మింగి, తెంపుకుపోయి, ఎక్కడో చచ్చేవి ఏ సంచిలో కనపడతాయి? అదీగాక మన తీరంలో సంచులు విప్పి చూసేవాళ్లెవరు? రాడ్లయితే దూరం నుంచే కనపడతాయి. పక్కవాడు చూసి "అన్నా, అది కూడా మీదేనా?" అని అడిగితే చాలు.

వేరే దేశాల్లో ఎన్నైనా వేసుకోనిస్తారని ఒకరు అన్నారు. అది తప్పు. అమెరికాలో రాష్ట్రానికో తీరు. మిన్నెసోటాలో మామూలు నీళ్లలో మనిషికి ఒక్క గాలం, చలికాలం గడ్డకట్టిన మంచుకి కన్నం చేసి వేస్తే రెండు. పక్కనే ఉన్న విస్కాన్సిన్‌లో మూడు. కాలిఫోర్నియాలో చెరువుల్లో, నదుల్లో ఒకటే, రెండోది కావాలంటే దానికి వేరే రుసుము కట్టాలి. ఇంగ్లండ్‌లో లైసెన్సుని బట్టి ఉంటుంది, కానీ అక్కడి రెండు షరతులు నాకు బాగా నచ్చాయి. ఒకటి, నీళ్లలో ఎర ఉన్న రాడ్డుని వదిలేసి వెళ్లకూడదు, వెళ్తే నేరం. రెండు, ఒకటి కన్నా ఎక్కువ రాడ్లు వేస్తే ఈ చివరి రాడ్డు పిడికీ ఆ చివరి రాడ్డు పిడికీ మధ్య 3 మీటర్లు దాటకూడదు. ఒక్కో చోట ఒక్కో లెక్క ఉందంటే అక్కడి చేపలు, అక్కడి నీళ్లు, అక్కడి జనం వేరు కాబట్టి. మన రాళ్లకి, మన జనానికి తగ్గ లెక్క మనం పెట్టుకోవాలి.

జనం అన్నాను కాబట్టి ఆదివారం సాయంత్రం తెన్నేటి పార్కు కింద పరిస్థితి గుర్తు చేస్తాను. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఆగిన చోటుకి ఇటూ అటూ రాళ్లు. ఆ రాళ్ల మీద ఫొటోలు దిగే పిల్లలు, ఉప్పు కారం చల్లిన మామిడి ముక్కలు తినే కుటుంబాలు, వాళ్ల మధ్యలో మనం. ఒక్కొక్కరు మూడేసి రాడ్లు రాళ్ల సందుల్లో దోపితే ఇంక నడవడానికి దారి ఎక్కడ? వందగ్రాముల సీసం కట్టి వెనక్కి ఊపి విసురుతాం. ఆ సీసం ఎవరి తలకైనా తగిలితే? కింద నాచు పట్టిన రాయి, పక్కన లాగేసే అల. ఒక పాప చెప్పు సందులో గాలం గుచ్చుకుంటే వాళ్ల నాన్న ఆ పాపని ఎత్తుకుని పరిగెత్తడం నేను చూశాను. ఆ గాలం ఎవరిదో ఎవరూ చెప్పలేదు. ఎవరూ పక్కన లేని రాడ్డుది.

తెగిన దారాలు ఇంకో బాధ. రాడ్లు ఎక్కువైన కొద్దీ చిక్కులు ఎక్కువ, చిక్కులు ఎక్కువైన కొద్దీ కోసి పారేసేది ఎక్కువ. ఆ నైలాను ఏళ్ల తరబడి చివకదు, నీళ్లలో సరిగా కనపడదు కూడా. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇదే తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ వాళ్లు రాత్రిళ్లు తిరిగి ఆ గుడ్లు ఏరి, కంచె కట్టిన ఇసుకలో పూడ్చి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదులుతారు. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలుకి పులితో సమానమైన రక్షణ ఉంది. తల్లి తాబేలు రెక్కకి మన దారం చుట్టుకుంటే చట్టం సంగతి తర్వాత, అది ఊపిరి కోసం పైకి రాలేదు.

ఇక అసలు మనకన్నా ముందు ఈ ఒడ్డు ఎవరిదో వాళ్ల సంగతి.

తెన్నేటి పార్కు కింది ఆ రాళ్ల మీదికే పొద్దున పూట ఒక జాలరి తాత వస్తాడు. మీలో కొందరు చూసే ఉంటారు. రాడ్డు లేదు, రీలు లేదు. ఖాళీ కూల్‌డ్రింకు సీసాకి చుట్టిన తంగీసు దారం, ఒక గాలం, ఒక సీసపు ముక్క. దారాన్ని చూపుడు వేలి మీదుగా వేసుకుని, బొటనవేలితో మెల్లగా అదిమి పట్టుకుంటాడు. ఆ వేలి మొదటి గీత దగ్గర దారం ఒరుసుకుని ఒరుసుకుని చర్మం కాయ కాసి, సన్నటి గాడి పడింది. కళ్లు సగం మూసుకుని కూర్చుంటాడు. వేలు కొంచెం కదులుతుంది. "పీత" అంటాడు, లాగడు. మళ్లీ కదులుతుంది. "రాయి తగిలింది." ఇంకోసారి, నాకేమీ కనపడదు, ఆయన మణికట్టు టక్కున లేస్తుంది, చేప పైకి వస్తుంది, గాలం సరిగ్గా పెదవి అంచున ఉంటుంది.

ఒకసారి నా రాడ్లకేసి చూసి అడిగాడు. "ఏటి బాబూ, మూడేసినావు. సూపు ఒకటే గదేటి?"

నేనేదో సమాధానం చెప్పబోయాను గానీ ఏమీ దొరకలేదు. ఆ పూట ఆయన చోటు ఖాళీగా లేదు. రోజూ కూర్చునే రాయి మీద నా రెండో రాడ్డు నిలబెట్టి ఉంది. ఆయన అడగలేదు. కొంచెం పక్కన, నీళ్లు లోతు తక్కువున్న చోట కూర్చున్నాడు. అది ఆయన కూర ఖర్చు, మందుల ఖర్చు. నాది ఆదివారం సరదా. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు తల వంగిపోతుంది.

ఒడ్డు నుంచి అలివి వల లాగేవాళ్లూ ఉన్నారు. ఇరవై, ముప్పై మంది రెండు తాళ్లు పట్టుకుని గంటల తరబడి లాగే వల అది. వాళ్ల వల వచ్చే దారిలో మన దారాలు అడ్డం ఉంటే గాలాలు వలకి తగులుకుని కన్నాలు పడతాయి, తీసేవాళ్ల చేతులు కోసుకుంటాయి. ఒక రాడ్డయితే వల కనపడగానే చుట్టేసి పక్కకి తప్పుకోవచ్చు. నాలుగు చుట్టేలోపు వల మీదికి వచ్చేస్తుంది.

2022 జనవరిలో రింగు వలల (చేపల గుంపుని చుట్టేసి పట్టే పెద్ద వలలు) మీద మన ఊళ్లో ఏం జరిగిందో మర్చిపోలేదు కదా. పెద జాలారిపేట వాళ్లకీ, జాలరి ఎండాడ, వాసవానిపాలెం వాళ్లకీ మధ్య సముద్రం మీదే గొడవ, బోట్లకి నిప్పు, ఊళ్లలో పోలీసు పహరా. ఎవరిది తప్పో నేను తీర్పు చెప్పను, అంత అర్హత నాకు లేదు. ఒకే నీళ్లలో ఒకరి సరంజామా పెరిగితే రెండోవాళ్ల కంచంలో తగ్గుతుందన్న భయం ఎంత దూరం తీసుకెళ్తుందో మాత్రం అప్పుడు చూశాం. మనవి చిన్న చిన్న రాడ్లే. కానీ బతుకుతెరువు కోసం వచ్చినవాడి చోటు సరదా కోసం వచ్చినవాడు ఆక్రమిస్తే, ఆ బాధ చిన్నది కాదు.

"పెద్దవయసువాళ్లు విసరలేరు, వాళ్లకి రెండో రాడ్డు మనవడు వేసి పెడతాడు, అదీ తప్పేనా?" అని ఒక పెద్దాయన అడిగారు. కాదండీ. మనవడు పక్కన కూర్చుంటే అది మనవడి గాలం. ఇద్దరు మనుషులు, రెండు గాలాలు. అంతకన్నా అందమైన దృశ్యం ఒడ్డున ఇంకేముంటుంది?

మత్స్యశాఖ వారికి కూడా ఇందులోనే ఒక విన్నపం. మన రాష్ట్ర సముద్ర వేట చట్టం 1994 నాటిది, అది పడవల్నీ వలల్నీ ఉద్దేశించి రాసింది. అప్పట్లో సరదాకి రాడ్డు పట్టుకుని వచ్చేవాళ్లు ఇంతమంది లేరు. ఇప్పుడున్నాం. తెన్నేటి పార్కు, యారాడ, భీమిలి లాంటి చోట్ల తెలుగులో ఒక బోర్డు పెట్టండి. మనిషికి ఎన్ని గాలాలు, ఏ చేప ఎంత సైజు లోపు వదిలెయ్యాలి, తెగిన దారం ఎక్కడ వెయ్యాలి. ఆ పక్కనే ఒక డబ్బా. మా అందరి తరఫున మాట ఇవ్వలేను గానీ, ఆ డబ్బా నిండితే ఖాళీ చేసే పని నేను చేస్తాను.

మిత్రులారా, పోటీ నియమాల కాగితం ఇంకా ఖరారు కాలేదన్నారు. అందులో "నాలుగు" అన్న చోట "ఒకటి" అని దిద్దండి. దాని కింద ఈ రెండు వాక్యాలు చేర్చండి. ఎర నీళ్లలో ఉండగా రాడ్డు వదిలి వెళ్లినవాళ్లకి ఆ రోజు పోటీ లేదు. అలివి వల గానీ, చేతి గాలంతో వచ్చిన జాలరి గానీ ముందే ఉన్న చోట మనం గాలం వెయ్యం. గెలుపుకి బరువు బదులు, పెదవికి గాలం పడి బతికి వెళ్లిన చేపల్ని లెక్కించగలిగితే ఇంకా మంచిది, కానీ అది ఈ ఏడాదికి కుదరకపోయినా పర్వాలేదు.

నేను ఆ రోజు పొద్దున ఐదింటికి గోస్తని ఒడ్డున ఉంటాను, ఒక్క రాడ్డుతో. ఒప్పుకోనివాళ్లు వచ్చి నా పక్కన నిలబడి వాదించండి. దారం మీద వేలు తియ్యకుండానే వింటాను.

మీ
కోటవీధి గాలం మిత్రుడు